కుడి పక్కకి ఒత్తిగిల్లితే అమ్మకి గది తిరుగుతోంది, తలని వరసగా తిప్పే ఎప్లీ పద్ధతి చేసినా తగ్గలేదు

మాది విశాఖ, ఎంవీపీ కాలనీ. అమ్మకి 61 ఏళ్లు. 12 రోజులుగా మంచం మీద కుడి పక్కకి ఒత్తిగిల్లగానే గది గిర్రున తిరుగుతోంది. 20-30 సెకన్లుంటుంది, తర్వాత గంటసేపు వికారం. ఎడమకి తిరిగితే కొంచెమే. నడిచేటప్పుడు బాగానే ఉంటుంది. చెవిలో హోరు, వినికిడి తగ్గడం, మాట తడబాటు, తిమ్మిర్లు లేవు.

ముందు ఎండదెబ్బ అనుకుని మజ్జిగ, ఓఆర్‌ఎస్ ఇచ్చాం. బీపీ 130/80, షుగర్, హిమోగ్లోబిన్ మామూలే. మెడ ఎముకల అరుగుదలన్నారు, కాలర్ పెట్టినా మార్పు లేదు. తర్వాత ఈఎన్‌టీ డాక్టరు చూసి, లోపలి చెవిలో కాల్షియం రేణువులు జారాయి, బీపీపీవీ (తల కదిపినప్పుడు కళ్లు తిరిగే జబ్బు) అన్నారు. తిరుగుడుకి ఇచ్చే బీటాహిస్టిన్ మాత్ర 16 మి.గ్రా. రోజుకి మూడుసార్లు, వారం వాడాం. ఆయన నేర్పిన ఎప్లీ కుడివైపుకి మూడు రాత్రులు చేయించాను, ఒక్కో భంగిమలో 30 సెకన్లు ఆపి. తగ్గలేదు సరికదా, పడుకోవాలంటేనే భయపడి అమ్మ కుర్చీలో కునుకు తీస్తోంది. అది చూడలేకపోతున్నాను.

ఎప్లీ ముఖ్యంగా లోపలి చెవిలో సగం వలయంలా ఉండే గొట్టాల్లో (అర్ధవర్తుల కుల్యలు) వెనకదానికి పనిచేస్తుందట, పక్కకి దొర్లినప్పుడు వచ్చే తిరుగుడు అడ్డంగా ఉండే కుల్యది కావచ్చట. ఎప్లీకి లొంగని ఇలాంటిది మీ ఇంట్లో ఎవరికైనా వచ్చి ఉంటే, చివరికి ఏ పద్ధతి చేయిస్తే తగ్గింది?