ఓడవాళ్ల టూరా, సొంత వ్యానా? సింగపూర్ క్రూజ్ గురించి సలహా కావాలి

గంటస్తంభం శ్రీను (విజయనగరం)
అందరికీ నమస్కారం. సంక్రాంతి అయ్యాక సింగపూర్‌లో ఎక్కే క్రూజ్ బుక్ చేశాం. అమ్మ, నాన్న, మేమిద్దరం, పిల్లలిద్దరు. ఓడ ఒక రోజు మలేషియాలో పోర్ట్ క్లాంగ్ దగ్గర, ఒక రోజు ఫుకెట్‌లో ఆగుతుంది. రూముల పని అయిపోయింది. ఇప్పుడు తలనొప్పంతా రేవుల్లో దిగాక ఎలా తిరగాలన్న దగ్గరే. ఓడ కంపెనీవాళ్లు వాళ్ల బస్సుల్లో టూర్లు అమ్ముతున్నారు. ఆరుగురికీ లెక్క కడితే కళ్లు తిరిగాయి. బయట వ్యాన్ మాట్లాడుకుంటే సగంలో అయిపోతుందని మా ఆవిడ వాదన. అమ్మకి ఉన్న కోరికల్లా ఒకటే, కౌలాలంపూర్ పక్కన బటూ కేవ్స్ దగ్గర సుబ్రహ్మణ్యస్వామిని చూడాలని. ఇంకో డౌటు: వైజాగ్ నుంచి రాత్రి ఫ్లైట్‌లో వెళ్లి, తెల్లారి దిగి, అదే రోజు ఓడ ఎక్కెయ్యొచ్చా?

నాగావళి మాస్టారు (శ్రీకాకుళం)
శ్రీను గారూ, రెండోదానికి ముందు చెప్తాను. అదే రోజు వద్దు, ఒక రోజు ముందే చేరండి. ఫ్లైట్ లేటయిందని ఓడ ఆగదు. టికెట్ మీద ఓడ బయలుదేరే టైమ్ చూసి ధైర్యం తెచ్చుకోకండి, ఎక్కే గేటు అంతకన్నా బాగా ముందే మూసేస్తారు. సామాన్ల స్కానింగ్, ఇమిగ్రేషన్ అన్నీ ఆ లోపలే అవ్వాలి.

ఇక టూర్లు. కళ్లు మూసుకుని ఓడవాళ్లవే తీసుకోండి. వాళ్ల బస్సు ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఓడ ఆగుతుంది, లేదంటే వాళ్లే మిమ్మల్ని తర్వాతి రేవుకి చేరుస్తారు. మీ సొంత వ్యాన్ ఇరుక్కుంటే ఓడ వెళ్లిపోతుంది. తర్వాతి రేవుకి మీ ఖర్చుతో, మీ తిప్పలతో మీరే చేరుకోవాలి. ఇద్దరు పెద్దవాళ్లు, ఇద్దరు పిల్లలు. ఆలోచించుకోండి.

ఇంకోటి. వాతావరణం బాగోక ఓడ రేవులో ఆగకపోతే వాళ్ల టూర్ డబ్బులు వాళ్లే తిరిగిస్తారు. బయట వ్యాన్‌కి ఇచ్చిన అడ్వాన్స్ ఎవరిస్తారు? 2022 జూన్‌లో వైజాగ్ నుంచి పుదుచ్చేరి, చెన్నై క్రూజ్ మొదలైనప్పుడు అక్కడి ప్రభుత్వం అనుమతి ఇవ్వక పుదుచ్చేరిలో దిగడమే కుదరలేదు. ఇవి జరిగే విషయాలే.

సిక్కోలు చిన్నోడు
మాస్టారూ, నమస్కారం. మీరు చెప్పేది పదేళ్ల కిందటి మాట. ఇప్పుడు చేతిలో ఫోన్ ఉంది, కారు పిలవడానికి గ్రాబ్ యాప్ ఉంది, మ్యాప్ ఉంది. ఓడవాళ్ల టూర్ అంటే ఏమిటో నేను చెప్తాను శ్రీను గారూ. పొద్దున్న థియేటర్‌లో కూర్చోబెట్టి చొక్కాకి స్టిక్కర్ అంటిస్తారు. నంబరు పిలిచేదాకా గంట. బస్సు నిండేదాకా ఇంకో అరగంట. ఫుకెట్‌లో మమ్మల్ని తీసుకెళ్లి ఒక రత్నాల దుకాణంలో పడేశారు. ముందు వీడియో, తర్వాత కూల్‌డ్రింక్, తర్వాత ఒక్కొక్కరి వెనక ఒక్కో అమ్మాయి. అక్కడ గడిచిన టైమ్‌లో సగం కూడా గుడి దగ్గర ఇవ్వలేదు. మా ఆవిడ ఉంగరం కొనలేదని ఆ గైడు మళ్లీ మా మొహం చూడలేదు.

పోర్ట్ క్లాంగ్ నుంచి కౌలాలంపూర్‌కి రైలుంది. చాలా చవక. హాయిగా వెళ్లిరావచ్చు.

నాగావళి మాస్టారు
చిన్నోడు గారూ, రైలు ఎక్కడుంది?

సిక్కోలు చిన్నోడు
పోర్ట్ క్లాంగ్‌లో మాస్టారూ. కొమ్యూటర్ రైలు. నేను ఎక్కాను కూడా.

నాగావళి మాస్టారు
స్టేషన్ పోర్ట్ క్లాంగ్ ఊళ్లో ఉంది. ఓడ ఆగేది పులావ్ ఇండా అనే దీవిలో. మధ్యలో వంతెన దాటి రావాలి. ఓడ దిగి నడుచుకుంటూ వెళ్లి రైలెక్కడం కుదరదు. మన శ్రీకాకుళం రోడ్డు స్టేషన్ లాగే. అదీ ఊళ్లో లేదు, ఆమదాలవలసలో ఉంది. పేరు చూసి మోసపోవద్దనే నేననేది.

సిక్కోలు చిన్నోడు
స్టేషన్ దాకా కారులో వెళ్లాలని నాకు తెలుసు.

నాగావళి మాస్టారు
ముందు పోస్టులో చెప్పలేదే.

సిక్కోలు చిన్నోడు
అది చెప్పాలా మాస్టారూ? ఎవరైనా ఓడ దిగి రైల్వే స్టేషన్‌కి ఈదుకుంటూ వెళ్తారా?

చీపురుపల్లి చిట్టి
ఇంత టెన్షన్ పడి తిరిగే కన్నా భీమిలి వెళ్లి మిరపకాయ బజ్జీ తినొచ్చు 🙂

బొబ్బిలి కోట
శ్రీను గారూ, సింగపూర్ వీసా మల్టిపుల్ ఎంట్రీయేనా చూసుకోండి. ఓడ ఎక్కితే దేశం వదిలినట్టే లెక్క, తిరిగొస్తే మళ్లీ ఎంట్రీ. పాస్‌పోర్టులకి ఆరు నెలల గడువు ఉండాలి. పిల్లల పాస్‌పోర్టులు ఐదేళ్లకే అయిపోతాయి, అవి ముందు చూడండి.

నాగావళి మాస్టారు
రైలు సంగతి తేలకుండా ముందుకెళ్లకండి. పులావ్ ఇండా నుంచి బటూ కేవ్స్ 60 కిలోమీటర్ల పైమాటే. మన విజయనగరం నుంచి వైజాగ్ వెళ్లినంత. అందులోనూ కౌలాలంపూర్ మహానగరాన్ని దాటుకుని ఆ పక్కకి వెళ్లాలి. సాయంత్రం పూట మధురవాడ దగ్గర నిలబడి చూస్తే తెలుస్తుంది ట్రాఫిక్ అంటే ఏమిటో. కారు, తర్వాత రైలు, తర్వాత రైలు మారడం, మళ్లీ వెనక్కి. డెబ్బై దాటిన ఆవిడని ఇలా తిప్పుతారా?

సిక్కోలు చిన్నోడు
ఆవిడకి డెబ్బై అని ఎవరు చెప్పారు? శ్రీను గారు అమ్మ అన్నారు, అంతే. వయసు మీరే వేసేశారు.

గంటస్తంభం శ్రీను
అమ్మకి 68. మోకాళ్ల నొప్పులున్నాయి. రైలు వద్దులెండి. ఓడవాళ్ల టూరా, వ్యానా, అదొక్కటి తేల్చండి చాలు.

పెన్నా పక్కన ఉంటున్న పలాస పిల్ల
మలేషియాలోనే పెనాంగ్‌లో ఆగే ఓడ ఎందుకు తీసుకోలేదండీ? అక్కడైతే ఈ గొడవే ఉండదు. స్వెటెన్‌హామ్ రేవు దిగితే జార్జ్‌టౌన్ ఊరే. నడుచుకుంటూ లిటిల్ ఇండియా, 1833 నాటి మారియమ్మన్ గుడి చూసి, ఇడ్లీ తిని వచ్చేయొచ్చు. టూరూ వద్దు, కారూ వద్దు. మా అత్తగారు అక్కడ తమిళంలో బేరమాడి చీర కొన్నారు, ఆవిడకి తమిళం రాదు.

సిక్కోలు చిన్నోడు
అదీ మాట. రేవు ఊరికి దగ్గరా దూరమా, ముందు చూడాల్సింది అది. అన్ని రేవులకీ ఓడవాళ్ల టూరే అని మంత్రంలా చదివితే ఎలా?

నాగావళి మాస్టారు
మంత్రం చదివేది నేనా? సరే, ఫుకెట్ సంగతి చెప్పండి. అక్కడ చాలా ఓడలు ఒడ్డుకి రావు. దూరంగా లంగరేసి చిన్న పడవల్లో దింపుతాయి. పడవకి క్యూ. చాలాచోట్ల ఓడ టూరువాళ్లని ముందు దింపుతారు, మీలాంటివాళ్ల వంతు తర్వాత. తిరిగి వచ్చేటప్పుడు ఆఖరి పడవ ఓడ బయలుదేరడానికి చాలా ముందే వెళ్లిపోతుంది. దీనికి మీ గ్రాబ్ ఏం చేస్తుంది?

పైగా థాయ్‌లాండ్ టైమ్ సింగపూర్ కన్నా గంట వెనక. కొన్ని ఓడలు గడియారం మార్చవు, సింగపూర్ టైమే నడుపుతాయి. ఒడ్డున ఫోన్‌కి సిగ్నల్ దొరగ్గానే అది థాయ్ టైమ్‌కి మారిపోతుంది. ఫోన్‌లో నాలుగంటే ఓడలో ఐదు. కాఫీ తాగుతూ ఇంకా గంట ఉందనుకుంటారు, పడవ వెళ్లిపోయి ఉంటుంది.

సిక్కోలు చిన్నోడు
చేతి గడియారం పెట్టుకుంటే పోయే విషయానికి తలకి ఇంత అని డబ్బు కట్టాలా? ఓడ టైమ్ ఏదో రోజూ సాయంత్రం రూముకి కాగితం వస్తుంది, యాప్‌లోనూ ఉంటుంది. చదివితే చాలు.

అసలు నాకో అనుమానం. మాస్టారు ఏటా కాలనీవాళ్లని గ్రూపుగా టూర్లకి తీసుకెళ్తారని ఇక్కడ చాలామందికి తెలుసు. ఓడవాళ్ల టూర్లు ఇంత గట్టిగా అమ్ముతున్నారంటే వెనకాల ఏదో ఉండాలి కదా.

చీపురుపల్లి చిట్టి
అయ్యో. మొదలైంది.

నాగావళి మాస్టారు
ఏముంది వెనకాల? కమీషనా? చెప్పు నాయనా, నోరు తెరిచి చెప్పు. ముప్పై ఏళ్లు పిల్లలకి లెక్కలు చెప్పాను, ఒక్క ట్యూషన్ రూపాయి తీసుకోలేదు. నువ్వు నాకు కమీషన్ అంటగడతావా?

వినండి అందరూ. ఫుకెట్‌లో మా గ్రూపులో ఒక పెద్దాయన బాత్‌రూమ్‌కి అని బజారులో వెనకపడిపోయారు. ఆయన ఫోన్ రూములోనే వదిలేశారు. ఇంగ్లీషు రాదు. గైడు ఓడకి ఫోన్ చేసి చెప్పాడు. మిగతావాళ్లని బస్సెక్కించి, తను ఆ సందుల్లో తిరిగి వెతికి తెచ్చాడు. ఆఖరి పడవని మాకోసం ఆపారు. ఆయన కొబ్బరినీళ్ల బండి పక్కన చెప్పులు విప్పి కూర్చున్నారు, చేతిలో మా ఓడ కార్డు పట్టుకుని వచ్చేపోయేవాళ్లకి చూపిస్తూ. ఊరికి వచ్చాక ఆయన కొడుకు మా ఇంటికొచ్చి, మా నాన్నని నిన్నెవడు తీసుకెళ్లమన్నాడని వీధిలో నిలబడి అరిచాడు. ఆ కుటుంబం ఇప్పటికీ నాతో మాట్లాడదు. అది సొంత వ్యాన్ అయ్యుంటే ఏమయ్యేది? మీరు ఆలుమగలిద్దరూ చెయ్యి చెయ్యి పట్టుకుని తిరిగొచ్చి, నలుగురిని వెంటేసుకుని తిరిగేవాడికి నీతులు చెప్పకండి.

అడ్మిన్
ఇద్దరూ కొంచెం నెమ్మది. కమీషన్ మాట ఆధారం లేకుండా అనొద్దు. వ్యక్తిగతంగా వెళ్తే థ్రెడ్ మూసేస్తాను.

సిక్కోలు చిన్నోడు
కమీషన్ మాట వెనక్కి తీసుకుంటున్నాను. మిగతాది తీసుకోను.

మా నాన్న ఇలాంటి గ్రూపుల్లోనే తిరిగారు మాస్టారూ. మీ గ్రూపు కాదు, వేరే ఊరిది. కాశీ, రామేశ్వరం, ఆఖరికి సింగపూర్ కూడా. ఆయన పోయాక ఫొటోలు తీసి చూశాను. ప్రతి ఫొటోలోనూ బస్సు పక్కనే ఉన్నారు. మెడలో ట్యాగు, నెత్తిన గ్రూపువాళ్లిచ్చిన పసుపుపచ్చ టోపీ. ఏం చూశావు నాన్నా అంటే ఎప్పుడూ ఒకటే మాట, “అంతా బాగా జరిగింది, ఎవరూ తప్పిపోలేదు.” ఏం చూశారో చెప్పలేదు. చూడనిస్తే కదా. మీకు తలకాయలు లెక్క సరిపోతే చాలు, సాయంత్రానికి టూర్ సక్సెస్. ఆ పెద్దాయన కొబ్బరినీళ్ల బండి దగ్గర కూర్చున్నారన్నారే, ఆ ట్రిప్పు మొత్తంలో తనకి నచ్చినచోట ఆయన కూర్చుంది అదొక్కసారేనేమో.

నాగావళి మాస్టారు
రాయడానికి బాగానే ఉంటుంది బాబూ. ఆయన భార్య ఆ రోజు బస్సులో ఎలా ఏడ్చిందో నువ్వు చూడలేదు.

సిక్కోలు చిన్నోడు
నేను చూడలేదు. అందుకే ఆ పెద్దాయన్ని ఎవరైనా అడిగారా అంటున్నాను. కొడుకు అరిచాడు, మీరు బాధపడ్డారు, ఆవిడ ఏడ్చింది. ఆయనేమన్నారు?

నాగావళి మాస్టారు
ఆయనకి ఏమీ అనిపించలేదు. నీళ్లు బాగున్నాయన్నారు.

పెన్నా పక్కన ఉంటున్న పలాస పిల్ల
😂 క్షమించాలి, నవ్వాగలేదు.

గంటస్తంభం శ్రీను
నేను శ్రీను గారి ఆవిడని, ఆయన ఫోన్‌లోంచి రాస్తున్నాను. నిన్న రాత్రి నుంచి ఈయన ఇది చదువుతూ నిద్ర మానేశారు. ఈ చివరి మాటలు చదివాక నేను వెళ్లి అత్తగారినే అడిగాను. ఇన్నాళ్లూ ఆవిణ్ని ఎవరూ అడగలేదు, అందరం ఆవిడ గురించే మాట్లాడుకుంటున్నాం. బటూ కేవ్స్‌కి 272 మెట్లట, ఎక్కగలరా అత్తయ్యా అన్నాను. “ఎక్కడానికి ఎవరే వెళ్తున్నది, అంత పెద్ద స్వామి కిందే ఉన్నాడు కదా, పిల్లలు ఫోన్‌లో చూపించారు. ఆయన ఎదురుగా కాసేపు కూర్చుంటాను. నన్ను లేవమని తొందర పెట్టకండి” అన్నారు. ఫుకెట్‌లో దిగరట. పడవలోంచి పడవలోకి మారడం తన వల్ల కాదు, ఓడలోనే ఉంటానన్నారు. మామయ్యగారు కూడా ఆవిడకి తోడుంటారట, అక్కడ తిండి బాగుంటుందని విన్నారు.

బొబ్బిలి కోట
విగ్రహం మెట్ల మొదట్లోనే ఉంటుంది, 42 మీటర్ల పైన ఎత్తు. ఎదురుగా పెద్ద ఖాళీ స్థలం, పావురాలు. మోకాళ్లకి ఇబ్బంది లేదు. కోతుల్నుంచి చేతిసంచి జాగ్రత్త. వీసా సంగతి చూశారా?

సిక్కోలు చిన్నోడు
వదిన గారూ, అయితే పోర్ట్ క్లాంగ్‌లో వ్యానే తీసుకోండి. ఓడవాళ్ల బస్సు కూడా బటూ కేవ్స్‌కి వెళ్తుంది గానీ ట్విన్ టవర్స్, ఇంకో షాపు కలిపేసి అక్కడ ఫొటోలకి మాత్రమే టైమ్ ఇస్తుంది. ఆవిడ కూర్చుంటానన్నారు కదా. బటూ కేవ్స్ ఒక్కటే పెట్టుకోండి, టవర్స్ జోలికి వెళ్లొద్దు. వ్యాన్ ఇక్కణ్నుంచే బుక్ చేసి, డ్రైవర్‌ని టెర్మినల్ దగ్గరికే రమ్మనండి. దిగాక వెతుక్కోవద్దు, ఆ దీవిలో అప్పటికప్పుడు కారు దొరకడం కష్టం.

నాగావళి మాస్టారు
శ్రీమతి శ్రీను గారూ, నా ఓటు ఇప్పటికీ ఓడవాళ్లకే. మీరు వ్యానే అనుకుంటే ఒక్కటి చెయ్యండి. ఓడలోకి తిరిగి ఎక్కాల్సిన ఆఖరి టైమ్ కాగితం మీద ఉంటుంది. దానికి గంటన్నర ముందు టైమ్ డ్రైవర్‌కి చెప్పండి. అసలు టైమ్ అతనికి తెలియనివ్వకండి. మీ ఆయనకి కూడా.

సిక్కోలు చిన్నోడు
గంట చాలు మాస్టారూ. గంటన్నర అంటే ఆవిడ కూర్చునే టైమ్‌లోంచి తీసేస్తున్నారు.

నాగావళి మాస్టారు
గంటన్నర.

గంటస్తంభం శ్రీను
నేను శ్రీనుని. వీసా కాగితం తీసి చూశాను, మల్టిపుల్ అనే ఉంది. చిన్నదాని పాస్‌పోర్టు మాత్రం మార్చిలో అయిపోతోంది. రేపు పొద్దున్నే రెన్యువల్‌కి అప్లై చేస్తున్నాను. తత్కాల్‌లో ఎవరైనా చేయించుకున్నారా?