వ్యుత్క్రమం తీసుకుంటే అసమానత గుర్తు ఎప్పుడు తిరుగుతుంది?

ప్రశ్న

నమస్కారమండి. నేను ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ విద్యార్థినిని. (ఎక్స్ − 3)⁻¹ < 2 అనే అసమీకరణాన్ని సాధించమన్నారు. వ్యుత్క్రమం తీసుకుంటే గుర్తు తిరుగుతుందని నేర్చుకున్నాను కనుక, ఎక్స్ − 3 > 1/2 అని రాసి, ఎక్స్ > 7/2 అని తేల్చాను. కానీ ఎక్స్ = 0 వేసి చూస్తే ఎడమవైపు −1/3 వస్తోంది; అది 2 కంటే చిన్నదే కాబట్టి 0 కూడా సాధనే అవుతోంది, నా జవాబులో మాత్రం లేదు. సూత్రమే తప్పా, నేను వాడిన తీరు తప్పా?

మొదటి సమాధానం

సూత్రం తప్పు కాదమ్మా, దాని షరతును మీరు వదిలేశారు. ఎ < బి అనుకుని వ్యుత్క్రమాల తేడా చూడండి: 1/ఎ − 1/బి = (బి − ఎ)/(ఎ × బి). లవం ఎప్పుడూ ధనాత్మకమే కాబట్టి, హారంలోని లబ్ధమే అంతా నిర్ణయిస్తుంది. రెండు సంఖ్యలూ ధనాత్మకమైనా, రెండూ ఋణాత్మకమైనా లబ్ధం ధనాత్మకమై గుర్తు తిరుగుతుంది. ఒకటి ఋణం, మరొకటి ధనం అయితే తిరగదు. −2 < 5 అయినప్పుడు −1/2 < 1/5 అనేదీ నిజమే కదా.

మీ లెక్కలో ఎక్స్ విలువ 3 కంటే తక్కువైతే ఎడమవైపు ఋణసంఖ్య వస్తుంది, ఏ ఋణసంఖ్య అయినా 2 కంటే చిన్నదే. అందువల్ల ఎక్స్ < 3 లేదా ఎక్స్ > 7/2 అన్నది పూర్తి జవాబు.

రెండవ సమాధానం

పై వివరణకు ఒక పద్ధతి జోడిస్తాను. హారం ధనమో ఋణమో తెలియనప్పుడు దానితో కాక, దాని వర్గంతో ఇరువైపులా గుణించండి; సున్నా కాని వాస్తవసంఖ్య వర్గం ధనాత్మకమే కనుక గుర్తు మారదు. అప్పుడు (ఎక్స్ − 3) < 2(ఎక్స్ − 3)² అవుతుంది, సర్దితే (ఎక్స్ − 3)(2ఎక్స్ − 7) > 0 వస్తుంది, జవాబు అదే. అయితే లెక్కలో < బదులు ≤ ఉంటే జాగ్రత్త అవసరం: గుణించిన తరువాత ఎక్స్ = 3 దగ్గర 0 ≤ 0 అని సరిపోయినట్టే కనిపిస్తుంది, కానీ అసలు అసమీకరణంలో అక్కడ హారం సున్నా. కాబట్టి 7/2 చేరుతుంది, 3 చేరదు. పరీక్షల్లో ఎక్కువ మార్కులు పోయేది ఇక్కడేనని నా అభిప్రాయం.

మూడవ సమాధానం

ఘాతాంకం సరిసంఖ్యా బేసిసంఖ్యా అన్నది కూడా చూడాలి. ఎక్స్⁻² > 1/9 లో ఇరువైపులా ధనాత్మకమే కనుక నేరుగా తిప్పి ఎక్స్² < 9 అని రాయవచ్చు. సాధన −3 నుంచి 3 వరకు, ఆ రెండు కొనలూ, మధ్యలోని 0 కాకుండా. ఎక్స్⁻³ > 1/8 లోనైతే ఋణ విలువలకు ఎడమవైపు ఋణమే వస్తుంది కాబట్టి 0 < ఎక్స్ < 2 మాత్రమే మిగులుతుంది. ఘాతాంకం ఋణమైనంత మాత్రాన విలువ ఋణం కాదని కూడా గుర్తుంచుకోండి: 2⁻³ అంటే −8 కాదు, 1/8.

ప్రశ్న అడిగిన విద్యార్థిని

అందరికీ ధన్యవాదాలండి. ఎక్స్⁻³ ≥ −1/8 ను సొంతంగా ప్రయత్నించాను. ఎక్స్ ధనమైతే ఎడమవైపు ధనం, కాబట్టి ఎప్పుడూ నిజం. ఋణమైతే ఇరువైపులా ఋణాలే కనుక గుర్తు తిరిగి ఎక్స్³ ≤ −8, అంటే ఎక్స్ ≤ −2. జవాబు ఎక్స్ ≤ −2 లేదా ఎక్స్ > 0 అని రాశాను. సరేనా?

మొదటి సమాధానం ఇచ్చినవారు

సరిగ్గా ఉందమ్మా. −1 వేసి చూడండి, ఎడమవైపు −1 వస్తుంది, అది −1/8 కంటే చిన్నది. కాబట్టి −2 కూ 0 కూ మధ్య ఖాళీ ఉండాల్సిందే.