అప్‌డేట్: అమీర్‌పేట దగ్గర 12 వేల లోపు ఇల్లు దొరికింది

హైదరాబాద్‌లో అమీర్‌పేట చుట్టుపక్కల 12 వేల లోపు అద్దెకి సింగిల్ బెడ్‌రూమ్ దొరుకుతుందా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా, మూసాపేటలో కుదిరింది. అద్దె 10,500, మెయింటెనెన్స్ 500, రెండు నెలల అడ్వాన్స్. మెట్రోలో అమీర్‌పేటకి మధ్యలో నాలుగే స్టేషన్లు.

యాప్‌లలో నాకు తగిలిందంతా బ్రోకర్లే, నెల అద్దె కమీషన్ అడిగారు. మీరన్నట్టు సందులు తిరిగితేనే పనైంది. ఒక గేటుకి అట్టముక్క మీద స్కెచ్ పెన్నుతో ‘టు లెట్, ఫ్యామిలీకి మాత్రమే’ అని రాసి కట్టారు. వానకి ఫోన్ నెంబర్ చివరి అంకె చెరిగిపోయింది. అందుకే ఖాళీగా మిగిలిందేమో! నేరుగా గేటు కొట్టాను.

కరెంటు మీటరు విడిగా ఉంది. మంజీరా నీళ్లు (కుళాయి నీళ్లు) రోజు విడిచి రోజు, మిగతాది బోరే. వంటగదిలో గాలాడదు, సర్దుకోవాలి. కారు పార్కింగ్ లేదన్నారు, మాకు కారే లేదు.