చెరువు గట్టు మీద ఆడియోబుక్: విన్నవాళ్లు కాస్త సలహా ఇవ్వండి

మాది భీమవరం దగ్గర పల్లెటూరు. రాత్రిళ్లు రొయ్యల చెరువు కాపలా నాదే. కరెంటు పోతే వెంటనే జనరేటర్ వేయాలి కాబట్టి ఒక చెవికే ఇయర్‌ఫోన్ పెట్టుకుని జో అబర్‌క్రాంబీ ఫాంటసీ నవల ‘ది బ్లేడ్ ఇట్‌సెల్ఫ్’ (2006) వింటున్నాను. చదివింది స్టీవెన్ పేసీ.

అందులో గ్లోక్టా అనే పాత్ర వస్తే మాత్రం మేత లెక్క రాసేది కూడా ఆపేస్తాను. ఒకప్పుడు కత్తిసాములో మొనగాడు, చెరలో చిత్రహింసలు పడి కుంటివాడయ్యాడు. ఇప్పుడు జనాన్ని హింసించడమే అతని ఉద్యోగం. పళ్లు పోయిన నోటితో పైకి అనే మాటలు ముద్దముద్దగా, లోపల అనుకునేవి స్పష్టంగా చదివాడు పేసీ. మెట్లు కనబడితే గ్లోక్టా తిట్టుకునే తిట్లకి నా మోకాళ్లు లాగాయంటే నమ్మండి!

చిక్కంతా ఇంకో ముఖ్యపాత్ర లోగెన్ వైపు ఉత్తరాది మనుషులతోనే. అందరివీ మారుపేర్లే, పైగా యాస. చెరువు నీళ్లకి గాలి అందించే ఏరియేటర్ల హోరులో ఎవరు మాట్లాడుతున్నారో పోల్చుకోలేకపోతున్నాను. వేగం తగ్గిస్తే గొంతులు సాగిపోయి నటన చెడుతోంది. ముందు పుస్తకంలో అధ్యాయం చదివి తర్వాత వినమంటారా, లేక ఓపిక పడితే గొంతులు అవే అలవాటవుతాయా? బయటి చప్పుడు వినబడనివ్వని నాయిస్ క్యాన్సిలింగ్ ఇయర్‌ఫోన్లు కొనమని మాత్రం చెప్పకండి, ఏరియేటర్ ఆగితే నాకు తెలియాలి.