పావొలీనీ కథ మన ఇంటర్ పిల్లలకు చెప్పదగినదేనా?

నల్లకుంట మాస్టారు:
ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ చదువుతున్న ఒక అమ్మాయి నెల రోజులుగా నా లెక్కల క్లాసులో వెనుక బెంచీలో కూర్చుని నవల రాస్తోంది. మొన్న ఆమె దగ్గర మూడు నోటుపుస్తకాలు తీసుకున్నాను. పిలిచి అడిగితే, అమెరికాలో క్రిస్టఫర్ పావొలీనీ అనే రచయిత పదిహేనేళ్లకే డ్రాగన్ నవల ప్రచురించాడని, తానూ ఎంసెట్ రాయకుండా ఆ దారినే వెళ్తానని నిబ్బరంగా చెప్పింది. అతని సంగతి నేను శ్రద్ధగా చదివాను. 1983లో పుట్టిన ఆ అబ్బాయి మోంటానా రాష్ట్రంలోని పారడైజ్ వ్యాలీలో పెరిగాడు. బడికి వెళ్లకుండా ఇంట్లోనే చదువుకుని, పదిహేనేళ్లకు హైస్కూలు ముగించాడు. అంటే అతను చదువు మానేసి రాయలేదు, ఆ మెట్టు దాటాకే రాశాడు. తల్లిదండ్రులకు సొంతంగా పుస్తకాలు వేసిన అనుభవం ముందే ఉంది, 2002లో ఆ డ్రాగన్ నవల ‘ఎరగాన్’ను ప్రచురించింది కూడా వాళ్లే. ఇల్లే బడిగా, ఇల్లే ప్రచురణ సంస్థగా ఉన్న పిల్లవాడి కథను, రెండు గదుల అద్దె ఇంట్లో తమ్ముడితో ఒకే బల్ల పంచుకుని చదువుకునే పిల్లకు ఆదర్శంగా చూపడం ఆమెకు మేలు కాదని నా అభిప్రాయం.

అబిడ్స్ ఆదివారం:
పదిహేనేళ్లకు ప్రచురించలేదండీ, రాయడం మొదలుపెట్టాడు. ఈ తేడా చాలా పెద్దది.

ఇంద్రధనుస్సు:
మాస్టారూ, మీరు ఇంటి గురించి, తల్లిదండ్రుల గురించి చెప్పారు గాని, ఆ పిల్లవాడు చేసిన పని గురించి ఒక్క మాట కూడా చెప్పలేదు. ఏడాది పాటు రాసిన మొదటి ప్రతి తనకే నచ్చక, రెండో ఏడాదంతా తిరగరాశాడు. ఆ తర్వాతే ఇంట్లోవాళ్లు కూర్చుని దిద్దారు. మొదటి ముద్రణ అట్ట మీది డ్రాగన్ కన్ను అతను గీసిందే, లోపలి పటమూ అతనిదే. పుస్తకం అమ్ముకోవడానికి మధ్యయుగాల వేషం కట్టుకుని 135కి పైగా బడులకూ గ్రంథాలయాలకూ వెళ్లి మాట్లాడాడు. వాళ్ల అమ్మానాన్నలు ఎంత అండగా ఉన్నా, ఆ రెండేళ్లు బల్ల ముందు కూర్చున్నది అతనే కదా.
నా సంగతి కూడా చెబుతాను. పదో తరగతి పరీక్షలు అయిన వేసవిలో, దిల్‌సుఖ్‌నగర్‌లో మా మేడ మీది గదిలో కూర్చుని రెండు వందల పేజీల లాంగ్ నోటుపుస్తకం చివరి అట్ట దాకా నింపాను. ఇంటర్ హాస్టల్ నుంచి దసరాకు ఇంటికి వచ్చేసరికి, మా నాన్నగారు దాన్ని పాత పేపర్లతో కలిపి కాటాకు వేసేశారు. మా ఇంటి అటక మీద పాత గొడుగులకు చోటుంది గాని, ఆ పుస్తకానికి లేకపోయింది.

అటక మీది అట్టపెట్టెలు:
సొంతంగా పుస్తకం వేసుకోవడం ఎంత కష్టమో అనుభవించినవాడిగా చెబుతున్నాను. నగరంలోని ఒక ప్రచురణకర్త దుకాణాలన్నింటికీ తానే పంపుతానని నమ్మబలికితే, డబ్బు కట్టి 500 ప్రతులు వేయించుకున్నాను. ఆయన ఒక్క దుకాణానికీ పంపలేదు. ఎన్టీఆర్ స్టేడియంలో పుస్తక ప్రదర్శన జరిగిన రోజులన్నీ స్నేహితుడి స్టాలులో నిలబడి నేనే అమ్ముకోగా, మిగిలినవి అట్టపెట్టెల్లో ఉన్నాయి. పావొలీనీ కుటుంబం కూడా ఆ పుస్తకం అమ్ముడుపోకపోతే ఇల్లు అమ్ముకోవలసిన స్థితికి వచ్చింది. వాళ్లను గట్టెక్కించింది అదృష్టం. కార్ల్ హయాసెన్ అనే పేరున్న రచయిత మోంటానాకు సెలవులకు వచ్చినప్పుడు ఆయన సవతి కొడుకు ఆ పుస్తకం కొని, చదివి, ముచ్చటపడ్డాడు. ఆయన తన ప్రచురణకర్తలైన క్నాఫ్ వారికి చెప్పారు. ఆ అబ్బాయి ఆ రోజు వేరే పుస్తకం కొని ఉంటే, పావొలీనీ పెట్టెలు కూడా వాళ్ల అటక మీదే ఉండేవి.

అబిడ్స్ ఆదివారం:
ఇంట్లోవాళ్లు వేసినప్పుడు అతనికి 18 ఏళ్లు. క్నాఫ్ ముద్రణ 2003 ఆగస్టులో వచ్చింది, అప్పటికి 19. పదిహేను అనే అంకెను వదిలిపెట్టనంత కాలం ఈ చర్చ తెగదు.

ఇంద్రధనుస్సు:
అదృష్టం కలిసిరావడానికి అక్కడ ఒక పుస్తకం ఉండాలి కదండీ. 135 చోట్లకు తిరిగినవాడి పుస్తకం ఎవరో ఒకరి చేతిలో పడుతుంది.

పాత చందమామ:
పిల్లల కోసం ఇలాంటి కథలు రాసినవాళ్లు మనకూ ఉన్నారు. 1954లో ‘తోకచుక్క’తో మొదలుపెట్టి చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారు రాసిన జానపద సీరియళ్ల కోసం ఇళ్లలో పిల్లలు కొట్టుకునేవారు. వాటి కింద ఆయన పేరు ఉండేది కాదు. అవి రాసింది ఎవరో మాలో చాలామందికి పెద్దయ్యాక గాని తెలియలేదు.

నల్లకుంట మాస్టారు:
అమ్మా ఇంద్రధనుస్సు, 135 బడులన్నారు. ఎంసెట్ దగ్గర పడుతుండగా వేషం కట్టుకుని వచ్చిన కుర్రవాడికి ఇక్కడ ఏ ప్రిన్సిపాల్ ఒక పీరియడ్ ఇస్తారు? ఊరు వేరు, వ్యవస్థ వేరు. మీ నాన్నగారు చేసింది నొప్పించే పనే కావచ్చు. కానీ ఆ ఏడాది హాస్టల్ ఫీజు కట్టింది కూడా ఆయనే. ఆయన బాధ్యత ఆయన నెరవేర్చారని మీరు ఒప్పుకోవాలి.

ఇంద్రధనుస్సు:
మా నాన్నగారి బాధ్యత గురించి తీర్పు చెప్పమని మిమ్మల్ని నేను అడగలేదు. ఆయన ఫీజు కట్టారు, నేను చదివాను, ఇవాళ ఉద్యోగం చేస్తున్నాను, నెలనెలా ఇంటికి డబ్బు పంపుతున్నాను. ఇవన్నీ జరిగాక కూడా నాకు ఆ నోటుపుస్తకం కావాలి. మీ క్లాసులో పిల్ల దగ్గర మీరు లాక్కున్నది కూడా అదే. మీరూ మా నాన్నగారూ ఒకటే.

కాచిగూడ బండి:
దయచేసి ఇద్దరూ కాస్త తగ్గండి.

నల్లకుంట మాస్టారు:
తగ్గే చెబుతున్నాను. మా అన్నయ్యకు నాటకాల పిచ్చి. నల్లగొండ దగ్గర మాకున్న రెండెకరాలను నాన్న అతని నాటక సమాజం కోసం అమ్మారు. ఊరంతా ఆయన్ను గొప్ప తండ్రి అన్నారు. ఆ ఏడాదే మా అక్క చదువు పదో తరగతితో ఆగిపోయింది. ఇవాళ్టికీ ఆమె మందుల షాపు చీటీ నా చేత చదివించుకుంటుంది. ఆ కుటుంబం ఇల్లు అమ్ముకోవడానికీ సిద్ధపడిందని చదివినప్పుడు మీరందరూ కొడుకును తలచుకున్నారు. నేను అతని చెల్లెలు ఏంజెలాను తలచుకున్నాను. పుస్తకం అమ్ముడుపోకపోతే ఆ అమ్మాయి ఏమయ్యేది? ఒక పిల్లవాడి కల మీద ఇంటిల్లిపాది అన్నాన్నీ పణంగా పెట్టే హక్కు ఏ తండ్రికీ లేదు. ఇంత సేపూ నేను చెప్పాలనుకున్నది ఇదే. పదిహేనేళ్లు, పద్దెనిమిదేళ్లు అనే లెక్క నాకు అక్కర్లేదు.

ఇంద్రధనుస్సు:
మీ అక్కగారి సంగతి తెలియక కఠినంగా మాట్లాడాను, మన్నించండి. కానీ మాస్టారూ, నేను ఎవరినీ పొలం అమ్మమనలేదు. కాటాకు వేయవద్దంటున్నాను. ఇల్లు పణంగా పెట్టడానికీ, ఒక నోటుపుస్తకాన్ని అటక మీద ఉండనివ్వడానికీ మధ్య ఎంతో దూరం ఉంది, మన ఇళ్లలో ఆ మధ్య దారిని ఎవరూ తొక్కరు. ఆ అమ్మాయి ఎంసెట్ కూడా రాయవచ్చు. పావొలీనీ ఆ కథను మూడు పుస్తకాల్లో ముగించాలనుకున్నాడు, నాలుగయ్యాయి. చివరిది 2011లో వచ్చేసరికి అతనికి ఇరవై ఏడేళ్లు. ఆ తర్వాతి పెద్ద నవల 2020లో గాని రాలేదు. ఇంత నిదానంగా సాగే పనికి రెండేళ్ల ఇంటర్ అడ్డం కాదు. ఆమెకు ఈ లెక్క చెప్పండి, వింటుంది.
ఇంతకూ ఆ మూడు నోటుపుస్తకాలు ఎక్కడున్నాయి? మీరు చదివారా?

నల్లకుంట మాస్టారు:
స్టాఫ్ రూములో నా సొరుగులో ఉన్నాయి. చదవలేదు.

ఇంద్రధనుస్సు:
చదివాక మాట్లాడుకుందాం.

నల్లకుంట మాస్టారు:
నిన్న రాత్రి ఇంటికి తెచ్చుకుని రెండు చదివాను. మొదటి దానిలో మంచు కొండలు, డ్రాగన్లు, నోరు తిరగని పేర్లు, అన్నీ ఎక్కడో చదివి అరువు తెచ్చుకున్నవే. పావొలీనీ మీద కూడా విమర్శకులు ఇదే మాట అన్నారు. రెండో దానిలో మొదటి పేజీలోనే నీలం బాల్‌పెన్నుతో గీసిన పటం ఉంది. మూసీకి రెండు వైపులా ఒకే నగరం, నది కింద ఒక సొరంగం, పురానాపూల్ దగ్గర దాని తలుపు. 1908 వరదలో ఆ తలుపు తెరుచుకుందని రాసింది. వరద నీరు దిగిపోయాక ఒక ముసలామె చింతచెట్టు కొమ్మ మీద నుంచి దిగలేక కూర్చుని, కింద పోయేవాళ్లను తన మేకపిల్ల గురించి అడుగుతుంది. ఆ పేజీని నేను రెండుసార్లు చదివాను. ఎంసెట్ విషయంలో నా మాట మారలేదు, అది రాసి తీరాలని చెబుతాను. నోటుపుస్తకాలు మాత్రం సోమవారం ఆమెకు ఇచ్చేస్తాను. 63వ పేజీ తర్వాత రెండు కాగితాలు చింపి ఉన్నాయి. మేకపిల్ల దొరికిందో లేదో ఆమెను అడగాలి.