ఉదంచద్ఘంట: బాణం పైకా, కిందికా?

(తెలుగు చెప్పే టీచర్ల గ్రూపుల ముచ్చట. పేర్లకు బదులు వాళ్ల ఊర్లు.)

దేవరకొండ: పొద్దటిసంది ఒక్క మాట సతాయిస్తున్నది. పోతన భాగవతంల వామనుడు పెరుగుతుంటె సూర్యుడు ఎట్లెట్ల అగుపడ్డడో చెప్పే పద్యం, 'రవిబింబం బుపమింప'. అర్థాలు బట్టీ పట్టిస్తే పిల్లలకు నిలుస్తలేవని బోర్డు మీద నిలువెత్తు పిలగాణ్ని గీసి, తొమ్మిది చోట్ల పసుపు సుద్దముక్కతోని సూర్యుణ్ని పెట్టిన. గొడుగు కాడ ఛత్రం, చెవి కాడ శ్రవణాలంకృతి, జబ్బ కాడ కేయూరం. ఒక్క పీరియడ్ల పట్టేసిండ్రు. నడుము కాడ సూర్యుడు గంట, ఆడికి రాంగనే నా చెయ్యి ఆగింది. 'కటిస్థలి ను...' తర్వాత ఉజ్జ్వలమా, ఉదంచత్తా?

మిర్యాలగూడ: ఉదంచత్. ఉజ్జ్వలం పెడితే 'ను' గురువైతది, మత్తేభం అక్కడ్నే కూలబడుతది. పాదం మొదట 'ఛవిమత్' ఉన్నది గదా, దాని ఛకు యతి ఉదంచత్‌ల చనే. ఇది అడగాల్సిన సంగతేనా తమ్మీ?

అచ్చంపేట: అడగాల్సింది వేరే ఉన్నది. అన్నా, సూర్యుడు దిగుతున్నట్టు బాణం గీసినవా?

దేవరకొండ: గీసిన. గొడుగు నుంచి పదపీఠం దాకా కిందికి.

అచ్చంపేట: తప్పు. సూర్యుడు ఉన్నకాడ్నే ఉన్నడు. పెరిగింది పిలగాడు. బాణం పైకి గియ్యాలె. ఉదంచత్ అంటెనే పైకి లేచేది.

పాలమూరు: లేచింది వటువైతే విశేషణం గంటకెందుకు తగిలింది? మెరిసే గంట అనుకుంటే సరిపాయె.

మిర్యాలగూడ: ఛవిమత్కంకణం అని అదే పాదంల మెరుపు అయిపోయింది. మళ్ల మెరుపేంది? పోతనకు మాటల కరువొచ్చిందా?

నాగర్‌కర్నూల్: నా లెక్క వేరే. మా దిక్కు చిన్నపిల్లల మొలతాడుకు చిన్న గజ్జె కడతరు. పిలగాడు ఉరుకుతుంటె అది ఎగిరెగిరి పడుతది. వటుడంటె పిల్లగాడే గదా. ఉదంచత్ అంటె ఆ ఎగురుడు. అమరకోశం నిఘంటువుల 'కింకిణీ క్షుద్రఘంటికా', గజ్జె అంటె చిరుగంట, అని ఉండనే ఉన్నది.

పాలమూరు: అది ఘంటిక అక్కా. ఈయన ఘంట అన్నడు. గజ్జె వేరు, గుడిగంట వేరు.

నాగర్‌కర్నూల్: బ్రహ్మాండమంత మొలకు సూర్యుడు గజ్జె కాకపోతే ఏమైతడు సార్?

దేవరకొండ: ఇంకోటి. కేయూరానికి భుజకీర్తి అని రాసిన. ఒప్పేనా?

మిర్యాలగూడ: భుజకీర్తి భుజం మీద నిలబడుతది, నాటకాల రాజుల తీరు. కేయూరం జబ్బకు పట్టి ఉంటది. మా నాయినమ్మ దండకడియం అదే, తీస్తే చర్మం మీద తెల్లటి పట్టె అగుపడేది. 'కేయూరమంగదం తుల్యే', కేయూరం, అంగదం ఒక్కటే, అన్నడు అమరకోశం రాసిన అమరసింహుడు. అదే అమరంల నూపురానికి, అంటె కాలి అందెకు, పాదాంగదం అని పేరు. బొమ్మల జబ్బ నుంచి చీలమండకు ఒక గీత కలుపు. ఒక మాటతోని రెండు మాటలొస్తయి.

దేవరకొండ: ఆ గీత బాగున్నది, రేపు కలుపుత. దీనికి ముందు పద్యం 'ఇంతింతై'కి నిచ్చెన గీసిన. మబ్బు, సూర్యుడు, చంద్రుడు, ధ్రువుడు. ఒక పిల్ల లేచి, చంద్రుడు సూర్యుని మీదెట్ల ఉంటడు సార్, సైన్సు సారు అట్ల చెప్పలే అన్నది.

పాలమూరు: భాగవతం లెక్కల చంద్రమండలం సూర్యునికి పైననే. పంచమ స్కంధం సూడు. పోతన మెట్టు తప్పలే. 'ప్రభారాశిపై నంతై చంద్రుని కంతయై' అనుకుంట ఎంత అలవోకగ ఎక్కుతడు! వ్యాసుడు ఇన్ని మెట్లు కట్టలే.

అచ్చంపేట: సార్ పోతన దాంక పోయిండంటె ఇగ గంట ముచ్చట తేలదు.

మిర్యాలగూడ: ఉదంచత్ తేలింది గదా, పైకి లేచేదే.

నాగర్‌కర్నూల్: ఎగిరేది.

పాలమూరు: మెరిసేది.

దేవరకొండ: రేపు నాలుగో పీరియడ్. బాణం తుడిపేసిన, గంట ఉన్నది.

అచ్చంపేట: బొమ్మ ఫొటో పెట్టు అన్నా. సూర్యుడు ఒక్కడే గదా, కమ్మ ఏ చెవికి పెట్టినవ్?