జవాబు: విండోస్ మళ్లీ వేసే ముందు ఏ ఫైళ్లు దాచుకోవాలి?

విదేశంలో ఉంటూ ఈ రాత్రికే విండోస్ మళ్లీ వేసేస్తానంటున్నారు, తొందరపడి ఫార్మాట్ కొట్టేయకండి. పైన ఒకరు సీ డ్రైవ్ మొత్తం కాపీ చేసుకోమన్నారు కానీ నేనైతే వద్దంటాను, ప్రోగ్రాముల ఫోల్డర్లు కాపీ చేసుకున్నా చాలావరకు పనిచెయ్యవు, మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోవాల్సిందే. ఇది పోతే మళ్లీ తెప్పించుకోగలనా అని ఒక్కటే చూసుకోండి. సినిమాలు, సెటప్ ఫైళ్లు ఎప్పుడైనా దొరుకుతాయి, వదిలేయండి. వీసా కాగితాల స్కాన్లు, పాత ఉద్యోగం రిలీవింగ్ లెటరు, పేస్లిప్పులు, మార్కుల మెమోలు అలా కాదు, పాత కంపెనీ లాగిన్ మూసేశాక ఇంత దూరం నుంచి వాటికోసం ఎవరెవర్ని బతిమాలాలో! పైగా ఇవి డాక్యుమెంట్స్‌లో బుద్ధిగా ఉండవు, డౌన్‌లోడ్స్‌లో 'స్కాన్ 3', 'ఫైనల్ కొత్తది' లాంటి పేర్లతో పడుంటాయి, కాబట్టి ఆ ఫోల్డరొక్కటీ ఓపిగ్గా తెరిచి చూడండి.

ఫైలు పక్కన మబ్బు గుర్తు కనిపిస్తే అది మీ ల్యాప్‌టాప్‌లో లేనట్టే, వన్‌డ్రైవ్‌లో, అంటే మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ నిల్వలో ఉంది. ఆ అకౌంట్‌కి ఓటీపీ ఇండియా సిమ్‌కి వెళ్తుంటే ముందు ఆ నంబరు మార్చుకోండి, లేకపోతే రేపు కొత్త విండోస్‌లో లాగిన్ అవ్వలేక టెన్షన్ పడాలి.

డీ డ్రైవ్‌ని కదిలించకుండా సీ మాత్రమే ఫార్మాట్ చేద్దామనుకుంటే బిట్‌లాకర్ (డ్రైవ్‌కి తాళం వేసే విండోస్ సదుపాయం) ఆన్‌లో ఉందేమో చూడండి. ఉంటే ఆ డీ డ్రైవ్ తెరవడానికి 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు, దాన్ని కాగితం మీద రాసుకోండి, అదే ల్యాప్‌టాప్‌లో దాస్తే లాభం లేదు.

బ్రౌజర్ బుక్‌మార్కులు ఎక్స్‌పోర్ట్ చేసుకోండి. పాస్‌వర్డులు కూడా చేసుకోవచ్చు కానీ ఆ ఫైల్లో అన్నీ మామూలు అక్షరాల్లోనే కనబడతాయి, పని అయిపోగానే తీసెయ్యండి. మెయిళ్లకి ఔట్‌లుక్ వాడితే పీఎస్‌టీ ఫైలు (మెయిళ్లు దాచి ఉంచేది) మర్చిపోవద్దు.

ఇంకోటి, అను ఫాంట్లలో టైప్ చేసిన పాత తెలుగు ఫైళ్లుంటే ఆ ఫాంట్లు కూడా వెంట తీసుకోండి. అవి యూనికోడ్ (ఇప్పుడు ఏ కంప్యూటర్లోనైనా తెలుగు చూపించే పద్ధతి) కాదు, ఫాంట్ లేకపోతే కవితైనా వీలునామా అయినా పిచ్చి గీతల్లా కనిపిస్తుంది.

పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంటే 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు, పెళ్లి వీడియోలు సాధారణంగా అక్కడే ఆగిపోతాయి. ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేసి వాడండి, ముందు అందులో ఏమీ లేదని చూసుకుని. కాపీ అయ్యాక రూమ్మేట్ ల్యాప్‌టాప్‌లో పెట్టి నాలుగైదు స్కాన్లు, ఒక వీడియో నిజంగా తెరిచి చూడండి. తెరుచుకుంటేనే ఫార్మాట్. బిట్‌లాకర్ కీ దొరక్కపోతే మాత్రం ఆగి ఇక్కడ అడగండి.